వేసవి సెలవులు, ముగ్గురు పిల్లలు, ఒకరికి సీపీ (సెరిబ్రల్ పాల్సీ): రామగుండం నుంచి కోనసీమ వెళ్లాలి

#1 సింగరేణి అమ్మ
నమస్తే అందరికీ. పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి ఆరు, చిన్నదానికి మూడు. బాబుకి సీపీ, అంటే మెదడులో లోపం వల్ల ఒంటి కదలికలు సరిగ్గా రావు. కాళ్లూ చేతులూ నాలుగూ బిగుతు, తలకి ఆసరా కావాలి, బరువు 14 కిలోలు. ఫిట్స్‌కి టోపిరమేట్, బిగుతుకి బాక్లోఫెన్ నడుస్తున్నాయి. పల్చటి నీళ్లు తాగితే పొలమారుతుంది, జావలాంటివి బాగానే మింగుతాడు. బడి, భవిత సెంటర్ (ప్రత్యేక అవసరాల పిల్లలకి ప్రభుత్వం నడిపేది) రెండూ మూసేశారు, మళ్లీ జూన్ 12కే. మేలో మూడు వారాలు అమలాపురం దగ్గర మా అత్తగారి ఊళ్లో ఉంటాం. కాజీపేటలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాజమండ్రిలో దిగి, అక్కణ్ణుంచి కారు. ఎండ, నీళ్లు, తిండి, ప్రయాణం, మిగతా ఇద్దరి ఆటలు... ఏం చూసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

#2 మందులషాపు
అక్కా, అన్నిటికంటే ముందు టోపిరమేట్ సంగతి. ఈ మందు కొంతమంది పిల్లల్లో చెమటని తగ్గిస్తుంది. జోనిసమైడ్ కూడా అంతే. చొంగ తగ్గడానికి ఇచ్చే గ్లైకోపైరోలేట్, ఒళ్లు మెలికలు తిరగడానికి ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ కూడా చెమటని ఆపుతాయి. వీటిలో ఏ రెండు కలిసినా జాగ్రత్త రెట్టింపు కావాలి. అక్కాచెల్లెళ్లు చెమటతో తడిసి ముద్దవుతుంటే బాబు నుదురు, వీపు, చంకలు పొడిగా ఉండి మొహం ఎర్రబడి ఒళ్లు కాలుతోందంటే అది మామూలు జ్వరం కాకపోవచ్చు. చాలామంది పారాసిటమాల్ పోసి ఎదురుచూస్తారు. ఎండ వల్ల ఎక్కిన వేడి పారాసిటమాల్‌కి దిగదు, పైనుంచి చల్లబరిస్తేనే దిగుతుంది.

అలాగని మందు మీరే ఆపొద్దు. టోపిరమేట్ ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ తిరగబెడతాయి, బాక్లోఫెన్ ఆపితే బిగుతు విపరీతంగా పెరుగుతుంది. ఊరెళ్లే ముందు డాక్టర్‌కి "చెమట పడుతోందా లేదా" అన్నది చెప్పండి. డోసు మార్చాలా వద్దా వాళ్లే చూస్తారు. ఇంకోటి, టోపిరమేట్ వాడేవాళ్లకి నీళ్లు తగ్గితే కిడ్నీలో రాళ్లు వచ్చే అవకాశం ఎక్కువ.

మందులు దాచడం: లేబుల్ మీద ఫ్రిజ్ అని ఉంటేనే ఫ్రిజ్. లేకపోతే ఇంట్లో చల్లగా ఉండే గదిలో బీరువా కింది అర. వంటింటి అటక, కారు డాష్‌బోర్డు, బండి డిక్కీ మూడూ పనికిరావు. ఫిట్స్ వచ్చినప్పుడు వాడే ముక్కు స్ప్రే రాసిచ్చి ఉంటే అది సూట్‌కేసులో కాదు, బాబు ఎక్కడుంటే అక్కడ ఉండాలి. మూడు వారాలకి పోతున్నారు కాబట్టి నెలకి సరిపడా తీసుకోండి, చీటీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. మీరు వాడే కంపెనీ సిరప్పే, అదే స్ట్రెంత్‌తో పల్లెలో దొరుకుతుందన్న నమ్మకం లేదు.

#3 వార్డు నర్సు
#2కి కొనసాగింపు. థర్మామీటరు ఒకటి బాబు సంచిలోనే ఉంచండి. చంకలో 38 దాటి ఒళ్లు పొడిగా ఉంటే బట్టలు విప్పి, ఒళ్లంతా కుళాయి నీళ్లతో తడిపి, ఫ్యాను పెట్టండి. తడి గుడ్డ కప్పి వదిలేస్తే కాసేపట్లో గుడ్డే వేడెక్కుతుంది. తడుపుతూ విసరడమే పని చేస్తుంది. మెడ, చంకలు, గజ్జల్లో ఐస్‌ని గుడ్డలో చుట్టి పెట్టొచ్చు. మత్తుగా ఉన్నా, పిలిస్తే ఎప్పటిలా చూడకపోయినా, వాంతులైనా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేసి, అది వచ్చేదాకా చల్లబరుస్తూనే ఉండండి. మత్తులో ఉన్న పిల్లాడి నోట్లో చుక్క కూడా పోయొద్దు, పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఫిట్ 5 నిమిషాలు దాటితే స్ప్రే, 108. స్ప్రే ఎన్ని పఫ్‌లో చీటీ మీద పెద్దక్షరాలతో రాసి అత్తగారికి కూడా చూపించండి.

నీళ్ల లెక్క: మొదటి 10 కిలోలకి కిలోకి 100 మి.లీ., ఆ పైన కిలోకి 50. మీ వాడికి 1000 + 200, అంటే రోజుకి 1200 మి.లీ. పాలు, జావ, మజ్జిగ, పెరుగు అన్నీ ఇందులోకే వస్తాయి. ఇది మామూలు రోజు లెక్క, ఎండల్లో దీనికంటే కాస్త ఎక్కువే పడాలి. మెలకువగా ఉండే 13 గంటలకి పంచితే గంటకి 90 మి.లీ. పొద్దున్నే సీసాల్లో పోసి పెట్టేస్తే సాయంత్రానికి ఎంత తగ్గిందో కంటికి కనిపిస్తుంది. మధ్యాహ్నం రెండింటికి సగం పూర్తవ్వాలి. రాత్రి ఎనిమిదికి మిగిలిందంతా తాగిస్తే వాంతే.

ఒంటేలు కూడా చూడండి. పొడి డైపర్‌ని, తడి డైపర్‌ని వంటింటి కాటా మీద తూచండి, ఎన్ని గ్రాములు తేడా ఉంటే దాదాపు అన్ని మి.లీ. పగలు ఆరు గంటలు పొడిగా ఉన్నా, రంగు ముదురు పసుపు అయినా నీళ్లు చాలట్లేదు. సీపీ పిల్లలకి మలబద్ధకం ఎలాగూ ఉంటుంది, ఎండాకాలం అది ముదిరి కడుపు ఉబ్బి, తిండి మానేసి, బిగుతు కూడా పెరుగుతుంది. బిగుతు ఎక్కువైందని బాక్లోఫెన్ వంక చూసేముందు మూడు రోజులుగా విరేచనం అయిందా లేదా చూసుకోవాలి.

#4 గోదారి గట్టు
మా కోనసీమ వస్తున్నారు కాబట్టి నీళ్లకి కొదవ లేదండి. కొబ్బరి బొండాలు, తాటి ముంజలు, సబ్జా నీళ్లు. పొద్దున్నే సబ్జా గింజలు నానబెట్టి ఇస్తే ఒంటికి చలవ. పిల్లలకి చాలా మంచిది.

#5 స్పీచ్ థెరపీ
గోదారి గట్టు గారూ, పెద్దపాపకి ఇవ్వండి, బాబుకి మాత్రం వద్దు. నానిన సబ్జా అంటే పల్చటి నీళ్లలో తేలే జారుడు గింజలు. నోట్లో నీళ్లు ముందు పరుగెడతాయి, గింజలు వెనక మిగులుతాయి. మింగడం ఆలస్యమయ్యే పిల్లలకి ఇలా రెండు రకాలు కలిసినవే అన్నిటికంటే కష్టం. పుచ్చకాయ ముక్క కూడా ఇదే కోవ, కొరకగానే నీళ్లు వదులుతుంది. ఐస్ గోలా చేతిలో గట్టిగా కనిపిస్తుంది, గొంతు దగ్గరికి వెళ్లేసరికి నీళ్లే. తాటి ముంజ గుండ్రంగా, జారుడుగా ఉంటుంది, నేరుగా గొంతుకి అడ్డం పడుతుంది. మూడేళ్ల చిన్నదానికి కూడా పైపొర ఒలిచి, సన్నగా తరిగి, కూర్చోబెట్టి పెట్టండి. బాబుకి లోపలి నీళ్లు తీసేసి మిక్సీలో మెత్తగా తిప్పి, చిక్కటి పెరుగులో కలిపి పెట్టొచ్చు. లేత కొబ్బరి కూడా అంతే.

మామిడి విషయంలో మీరు అదృష్టవంతులు. బంగినపల్లిలో పీచు తక్కువ, గుజ్జు నేరుగా పెట్టొచ్చు. రసాలు అయితే జల్లెడలో వడకట్టాల్సిందే, పీచు నాలిక వెనక చిక్కుకుంటే ఓకిరింత వస్తుంది.

ఇప్పుడు రాగిజావ. 400 మి.లీ. నీళ్లకి 20 గ్రాముల పిండి, అంటే రెండు పెద్ద చెంచాలు. ముందు పిండిని అర గ్లాసు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మిగతా నీళ్లు మరిగాక పోసి సన్న మంట మీద 7, 8 నిమిషాలు తిప్పండి. చల్లారాక చిక్కబడుతుంది కాబట్టి పొయ్యి మీదున్నప్పుడు కాస్త పల్చగా ఉంటేనే మంచిది. చల్లారాక చిలికిన పెరుగు, ఉప్పు కలపండి. చెంచా వంచితే చుక్కలుగా పడకుండా, ముద్దగా ఊడకుండా, సాగుతూ కారాలి. మీ థెరపిస్టు చెప్పిన చిక్కదనం వేరే ఉంటే అదే ఫాలో అవ్వండి.

దాదాపు ఎవరూ గమనించని సంగతి ఒకటుంది. గిన్నెలో చెంచా ముంచి, నోట్లో పెట్టి, మళ్లీ అదే చెంచా గిన్నెలో పెడితే ఉమ్మి కలుస్తుంది. ఉమ్మి పిండిపదార్థాన్ని విరగ్గొడుతుంది, కాసేపట్లో జావ నీళ్లవుతుంది. "మొదట్లో బాగానే తాగాడు, చివర్లో పొలమారింది" అనేవాళ్ల ఇళ్లలో చాలావరకు ఇదే కథ. రెండు గిన్నెలు పెట్టుకుని, పెద్దదాంట్లోంచి చిన్నదాంట్లోకి కొంచెం కొంచెం వంచుకోండి. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొద్దిగా కిందికి ఉంచి, 5 మి.లీ. చెంచాతో. తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు. తిన్న తర్వాత గొంతులో గురగుర వినిపించినా, రెండు మూడు రోజులు ఊరికే జ్వరం వచ్చిపోతున్నా ఊపిరితిత్తుల్లోకి పోతోందేమో చూపించాలి. ఎండదెబ్బ అని కొట్టిపారెయ్యకండి.

#6 గోదారి గట్టు
అర్థమైందండీ. సబ్జా వెనక్కి తీసుకుంటున్నా.

#7 మందులషాపు
ఓఆర్‌ఎస్ గురించి కూడా రెండు ముక్కలు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు సైజులు వస్తాయి: లీటరుకి కలిపేది 21 గ్రాముల చిల్లర, 200 మి.లీ.కి కలిపేది 4 గ్రాముల చిల్లర. పెద్ద ప్యాకెట్‌ని గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు ఐదింతలవుతుంది. రక్తంలో సోడియం పెరిగి, ఫిట్స్ లేని పిల్లలకే ఫిట్స్ వస్తాయి. కలిపింది 24 గంటల్లో వాడెయ్యాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు మంచినీళ్లకి 5 మి.లీ. చెంచాతో తలకొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. "కొంచెం ఎక్కువేస్తే ఏమవుద్దిలే" అనే చోటు కాదిది.

డబ్బాల్లో వచ్చే తియ్యటి డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అని రాయడాన్ని 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) ఆపించింది. పాత స్టాకు ఎక్కడైనా కనిపిస్తే ప్యాకెట్ వెనక డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందా చూడండి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, కాబట్టి విరేచనాలకి అది ఓఆర్‌ఎస్ బదులు కాదు. కీటో డైట్ (ఫిట్స్ తగ్గడానికి పెట్టే, పిండి, తీపి బాగా తగ్గించిన ఆహారం) మీద ఉన్న పిల్లలైతే ఓఆర్‌ఎస్‌తో సహా తీపి ఉన్న ఏదైనా ముందు డాక్టర్‌ని అడిగే ఇవ్వాలి.

#8 ఫిజియో
భవిత సెంటర్ మూసేశారని ఏడు వారాలు పూర్తిగా వదిలెయ్యకండి. అలాగని ఉక్కలో గంట సేపు సాగదీయడమూ వద్దు. పొద్దున స్నానం అయ్యాక 15 నిమిషాలు, సాయంత్రం 15. తొడ వెనక, పిక్క, తొడల లోపలి కండరాలు మూడూ ముఖ్యం. ఒక్కోటి 30 సెకండ్లు మెల్లగా పట్టి ఉంచండి, ఊపొద్దు.

ఏఎఫ్‌ఓలు (కాలి స్ప్లింట్లు) ఎండాకాలం మూలపడేస్తారు, జూన్‌లో చూస్తే మడమ ఆనదు. పొద్దున 6 నుంచి 10, సాయంత్రం 5 నుంచి 8 వేయండి, మధ్యాహ్నం తీసెయ్యండి. లోపల మోకాలిదాకా వచ్చే కాటన్ సాక్సు, కుట్టు బయటికి ఉండేలా తిరగేసి, ముడత లేకుండా తొడగాలి. తడిస్తే మార్చాలి కాబట్టి రోజుకి మూడు జతలు. తీశాక ఎర్రటి మచ్చ 20 నిమిషాల్లో పోకపోతే ఆ చోట నొక్కుతోందన్నమాట. స్ప్లింటు సరిచేసేదాకా వేయొద్దు. పౌడరు చల్లకండి, చెమటతో కలిసి ముద్దకట్టి ఒరుస్తుంది. కడిగాక నీడలో ఆరబెట్టండి. చేతి స్ప్లింట్లయితే మరీ జాగ్రత్త, అవి వేడినీళ్లలో మెత్తబరిచి చేసే రకం. ఎండలో నిలబెట్టిన కారులో వదిలేస్తే ఆకారం పోతుంది.

నీళ్లాటకి టబ్బు కంటే నవారు మంచం మేలు. పెరట్లో, నీడలో వేసి, నవారు బిగించి (మధ్యలో గుంట పడితే నడుం వంగిపోతుంది), బాబుని పక్కకి తిప్పి పడుకోబెట్టండి. వీపు వెనక చుట్టిన దుప్పటి, మోకాళ్ల మధ్య చిన్న దిండు, తల కింద మడిచిన తువ్వాలు. అక్కాచెల్లెళ్లు చెరో మగ్గుతో పోస్తారు. నీళ్లు కిందికి కారిపోతాయి, ముక్కులోకి పోయే మడుగే ఉండదు. మొదట పాదాలు, తర్వాత కాళ్లు, పొట్ట. చల్లటి నీళ్లు గబుక్కున మీద పడితే ఒళ్లంతా బిర్రబిగుస్తుంది. మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు తాకి చూడకుండా పట్టకండి. పైపులో ఉన్న మొదటి బకెట్ చర్మం కాలేంత వేడిగా ఉంటుంది. 20 నిమిషాలు చాలు. టబ్బే వాడతామంటే చెయ్యి అందే దూరంలో పెద్దవాళ్లు ఉండాల్సిందే, ఫోన్ లేకుండా. ఐదు సెంటీమీటర్ల నీళ్లు కూడా ప్రమాదమే.

#9 పెద్దపల్లి నాన్న
చీర ఉయ్యాల మాటేంటి సార్? మా దగ్గర సీపీ పిల్లల్ని మధ్యాహ్నమంతా దాంట్లోనే పడుకోబెడతరు. గాలి ఆడుతది, ఏడుపు ఆగుతది.

#10 ఫిజియో
ఏడుపు ఆగడం నిజమే. ఉయ్యాలలో ఒళ్లు గుండ్రంగా ముడుచుకుంటుంది, వెనక్కి విరుచుకునే పిల్లలకి అది హాయి. కానీ అదే ముడుపులో గంటలు గడిస్తే తుంటి, మోకాలు అలాగే పట్టేస్తాయి. పైగా చీర మూడు వైపులా చుట్టేస్తుంది కాబట్టి మీరనుకున్నంత గాలి ఆడదు. చెమట పట్టని పిల్లాడికి లోపల ఉక్క. 15, 20 నిమిషాలు, పెద్దవాళ్ల కళ్లముందు, సరే. తర్వాత దింపెయ్యాలి. ఇంకో భయం మూడేళ్ల పిల్ల. ఉయ్యాల ఖాళీగా ఉన్నప్పుడు మెడకి మెలేసుకుని తిరుగుతారు. పిల్లాణ్ణి దించగానే చీర పైకెత్తి ముడెయ్యండి.

#11 పెద్దపల్లి నాన్న
మంచిగ చెప్పిన్రు. కూలర్ గురించి నేను చెప్త. రామగుండంలో గాలి పొడి కాబట్టి కూలర్ బాగా పని చేస్తది. కిటికీ బయట పెట్టి, ఎదురు కిటికీ జానెడు తెరిచి ఉంచాలె. అన్నీ మూస్తే గంటలో గది ఆవిరి గది అయితది. గడ్డి ప్యాడ్లు సీజన్‌కి ఒకసారి మార్చాలె, నీళ్లు రెండు రోజులకోసారి పూర్తిగా పారబోయాలె, లేకపోతే దోమలు, వాసన. ఎర్తింగ్ లేని ప్లగ్గుకి ఇనుప కూలర్ పెట్టొద్దు. ప్రతి ఎండాకాలం పిల్లలకి షాకులు ఇట్లనే కొడతయ్. నీళ్లు పోసేటప్పుడు స్విచ్ బంద్ చేసి, ప్లగ్గు పీకి పొయ్యాలె. వీల్‌చెయిర్ ఇనుమే, కూలర్‌కి ఆనించొద్దు. ఇంకా, ఎండలో నిలబెట్టిన చెయిర్ల పిల్లగాణ్ణి కూసోబెట్టేముందు బెల్టు బకిల్, కాలు పెట్టే పలక చేత్తో ముట్టి చూడుండ్రి. నల్ల రెగ్జిన్ మీద పాత కాటన్ చీర నాలుగు మడతలేస్తే వీపు ఉడకదు.

#12 గోదారి గట్టు
మా వైపు కూలర్ లెక్క వేరండీ. గాల్లో తేమ ఎక్కువ, కూలర్ వేస్తే ఉక్క ఇంకా పెరుగుతుంది. చెమట పట్టినా ఆరదు. థర్మామీటర్‌లో రామగుండం కంటే నాలుగైదు డిగ్రీలు తక్కువ కనపడుతుంది, దాన్ని నమ్మి మధ్యాహ్నం తోటలోకి తీసుకెళ్లకండి. ఒక గదిలో ఏసీ ఉంటే 26, 27లో పెట్టి, మధ్యాహ్నం 12 నుంచి 4 బాబుని అక్కడే ఉంచండి. లేకపోతే పెంకుటింట్లో వసారా, లేదా డాబాలో కింది గది. పై గది వద్దు, శ్లాబు రాత్రి పదింటిదాకా వేడి దింపుతూనే ఉంటుంది. కరెంటు పోతే చేతి విసనకర్ర, తడి తువ్వాలు. చార్జింగ్ ఫ్యాను ఒకటి తెచ్చుకోండి.

తోటల్లో కొబ్బరి వరసల మధ్య బోదెలు (నీళ్లు పారే చిన్న కాలువలు) ఉంటాయి, పైన ఆకులు పడి నీళ్లు కనపడవు. మేలో కాలువలు కట్టేసినా గుంటల్లో నీళ్లు నిలుస్తాయి. మూడేళ్ల పాపకి కాలువ గట్టు ఎంత దూరమో వెళ్లిన రోజే చూసుకుని, వీధి గుమ్మానికి గడియ వేయించండి.

వీల్‌చెయిర్ ఇసకలో ముందు చక్రాల దగ్గరే కూరుకుపోతుంది. చెయిర్ తిప్పేసి, పెద్ద చక్రాలు ముందుకు వచ్చేలా వెనక్కి లాగండి, సులువుగా వస్తుంది. బాబుకి బెల్టు పెట్టాకే. కొబ్బరి చెట్ల కింద నడిపితే పైకి కూడా చూడాలండోయ్, ఎండు మట్టలు, కాయలు రాలతాయి. దింపు తీసిన (కాయలు కోసేసిన) తోటలోనే కూర్చోండి.

#13 సింగరేణి అమ్మ
చాలా థాంక్స్. చెమట సంగతి రేపే డాక్టర్‌ని అడుగుతా. ఇంకా రెండు: పెద్దదీ చిన్నదీ వాడితో కలిసి ఆడుకునేవి ఏమున్నాయి? గోదావరి స్లీపర్‌లో కోటా ఎలా తీసుకోవాలి?

#14 ప్రత్యేక టీచర్
అష్టాచెమ్మా. నేల మీద సుద్దతో 5 × 5 గళ్లు, ఒక్కో గడి అడుగు. పిక్కల బదులు రంగు రిబ్బను కట్టిన స్టీలు గ్లాసులు. నాలుగు గవ్వల్ని మూత బిగుతుగా పట్టే పారదర్శక ప్లాస్టిక్ డబ్బాలో వేసి టేపు చుట్టండి. బాబు చేత్తో తోసినా, మోచేత్తో పడేసినా పందెం పడ్డట్టే. బయటి నుంచే లెక్కపెట్టొచ్చు, చిన్నది గవ్వ నోట్లో పెట్టుకునే భయమూ లేదు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, బోర్లా పడితే అష్టా, మళ్లీ పందెం. ఈ నియమాల్లో వాడికోసం ఏదీ మార్చకండి. మార్చితే పెద్దది రెండో రోజుకే విసుక్కుంటుంది, వాడూ పసిగడతాడు. చింతపిక్కలతో ఆడేవి చిన్నది నిద్రపోయాకే.

ఏ గ్లాసు జరపాలో వాడే చెప్పాలి. రెండు గ్లాసులు వాడి కళ్ల ఎత్తులో అడుగు దూరంగా పట్టుకుని, పది సెకండ్లు మాట్లాడకుండా ఆగాలి. చూపు ఎటు నిలిస్తే అది. "వాడికి ఎర్రదే కావాలి" అని అక్క తొందరపడి చెప్పడం ఇక్కడ మామూలుగా జరిగే తప్పు.

పెద్దదానికి పనులు ముందే తేల్చి చెప్పండి. నీళ్ల సీసా గుర్తు చూడటం, పందెం లెక్కపెట్టడం సరే. తినిపించడం, ఎత్తడం మాత్రం పెద్దవాళ్ల పనే, తొమ్మిదేళ్ల పిల్ల అడిగినా ఇవ్వొద్దు. పొద్దున అరగంట ఆ పిల్లతో మీరు ఒక్కరే ఉండే టైము కూడా రోజువారీ పట్టికలో రాసేయండి, లేకపోతే అదే మొదట ఎగిరిపోతుంది.

#15 బెర్తు నంబరు
రాయితీ టికెట్‌కి యూడీఐడీ కార్డు (దివ్యాంగులకి కేంద్రం ఇచ్చే గుర్తింపు కార్డు) ఒక్కటే చాలనుకోకండి. రైల్వే ఇచ్చే దివ్యాంగ కార్డు వేరే ఉంటుంది. ప్రభుత్వ డాక్టర్ రైల్వే నమూనాలో రాసిచ్చిన రాయితీ సర్టిఫికెట్ పెట్టి ఆన్‌లైన్‌లో అప్లై చెయ్యాలి. టైము పడుతుంది, ఇవాళే మొదలుపెట్టండి. తోడు లేకుండా ప్రయాణం చెయ్యలేని అంగవైకల్యం అని సర్టిఫికెట్‌లో ఉంటే స్లీపర్, థర్డ్ ఏసీలో 75 శాతం, సెకండ్ ఏసీలో 50 శాతం రాయితీ, తోడు వచ్చే ఒక్కరికి కూడా అంతే. మూడేళ్ల పాపకి బెర్తు అడగకపోతే టికెట్ లేదు, పెద్దపాపకి బెర్తు కావాలంటే పూర్తి చార్జీ.

దివ్యాంగుల కోటా స్లీపర్‌లో నాలుగు బెర్తులు, రెండు లోయర్, రెండు మిడిల్. బాబుకీ మీకూ అందులో వస్తే, మిగతావాళ్లకి మామూలు కోటాలో వేరే కోచ్ పడొచ్చు. పెద్దపాప ఎవరి దగ్గర పడుకోవాలో ముందే అనుకోండి. మేలో కాబట్టి స్లీపర్ కంటే థర్డ్ ఏసీ చూడండి, చెమట పట్టని పిల్లాడికి సాయంత్రం ఏడింటప్పుడు కాజీపేట స్లీపర్ పెట్టె ఇంకా కాలుతూనే ఉంటుంది.

మామూలు పెట్టెల గుమ్మంలోంచి, నడవాలోంచి వీల్‌చెయిర్ విప్పి తీసుకెళ్లలేరు. బాబుని ఒకరు ఎత్తుకోవాలి, చెయిర్ మడిచి ఇంకొకరు. ఫుట్‌రెస్టులు ఊడదీసి సంచిలో వేస్తే చెయిర్ లోయర్ బెర్తు కిందికి వెళ్తుంది. లోయర్ బెర్తులో బాబుని గోడవైపు పడుకోబెట్టి, బయటివైపు మీరు. ఏసీ గాలి నేరుగా మొహం మీద కొడితే రంధ్రం మూతి తిప్పండి. జావ థర్మాస్‌లో పెడితే చిక్కబడి ముద్దవుతుంది, విడిగా వేడినీళ్లు, చిన్న కవ్వం పెట్టుకోండి. పాలు, పెరుగు కలిపింది మాత్రం ఎండల్లో గంట దాటితే పారబోయడమే.

రాజమండ్రి అర్ధరాత్రి దాటాక వస్తుంది, ఆగేది కొద్ది నిమిషాలే. కొవ్వూరు దాటి వంతెన ఎక్కేలోపే చెయిర్, సంచులు గుమ్మం దగ్గర ఉండాలి. ముందు ఒక పెద్దమనిషి దిగి చెయిర్ విప్పి బ్రేకులు వేసుకోవాలి, తర్వాత బాబు, ఆ తర్వాతే ఆడపిల్లలిద్దరూ. స్టేషన్ వీల్‌చెయిరో, సహాయకులో కావాలంటే ముందుగానే 139కి ఫోన్ చేసి కోచ్, బెర్తు నంబరు చెప్పండి.